వానలో తడిసిన కుందేలు: చర్మం దాకా ఆరబెట్టడం, మళ్లీ మేత పట్టేదాకా కనిపెట్టుకోవడం

కుందేలు వానలో తడిసిందంటే చాలా ఇళ్లల్లో జరిగేది ఒకటే. చేతికందిన గుడ్డతో వీపు మీద నాలుగుసార్లు తుడిచి, మళ్లీ బోనులోకి వదిలేసి, అదే ఆరిపోతుందిలే అనుకుంటారు. ఆరదు. కుందేలు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది, పైన మనకు కనిపించే కాస్త గట్టి వెంట్రుకలు, వాటి కింద చర్మాన్ని అంటుకుని బాగా ఒత్తుగా, మెత్తగా ఉండే అడుగు బొచ్చు. పై పొర అరగంటలో పొడిగా అనిపించొచ్చు కానీ అడుగు పొర నీళ్లు పట్టుకుని గంటల తరబడి అలాగే ఉంటుంది, ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. చలి పట్టిన కుందేలు మేత మానేస్తుంది, మేత మానేస్తే పేగుల కదలిక నెమ్మదించి ఆగిపోతుంది, ప్రాణం మీదికి తెచ్చేది అసలు ఇదే. కాబట్టి చర్మం దాకా ఆరిందా, మళ్లీ తిని పెంటికలు వేసిందా, ఈ రెండూ కళ్లారా చూసేదాకా మీ పని అయిపోలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దిక్కు కుందేళ్లను ఎక్కువగా వాకిట్లోనో మిద్దె మీదనో బోనులో పెడతారు, పొద్దున సాయంత్రం కాసేపు ఆవరణలో తిరగనిస్తారు. మన దగ్గర వాన కూడా ఒక్క తీరుగా రాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి సాయంత్రానికి గాలిదుమారం లేచి రాళ్ల వాన పడుతుంది, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ముసురు, అక్టోబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే రాత్రంతా కుండపోత, 2020 అక్టోబర్ రెండో వారంలో పడ్డట్టు. ఎండాకాలం వాన పావుగంటే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, పగలంతా వేడికి డస్సిపోయిన జంతువు మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు, గాలి పడతాయి. ముసురుదైతే ఇంకో తలనొప్పి, గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఏదీ తనంతట తాను ఆరదు.

ముందు లోపలికి తేవాలి, కానీ జాగ్రత్తగా

తడిసిన కుందేలు చేతిలో జారుతుంది, భయపడి ఉంటుంది, పట్టుకోబోతే తన్నుతుంది. దాని వెనక కాళ్ల కండలు చాలా బలమైనవి, ఎముకలు మాత్రం తేలిక. గాలిలో గట్టిగా తన్నుకుంటే నడుము తనే విరగ్గొట్టుకుంటుంది, అట్లా విరిగితే వెనక కాళ్లు పడిపోతాయి. అందుకే వెంట తరమొద్దు, పిల్లల్ని అరవనివ్వొద్దు. ఒక పెద్ద తువ్వాల దాని మీద కప్పి, ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద పెట్టి మీ ఛాతీకి ఆనించి ఎత్తండి. చెవులు పట్టుకుని లేపడం ఎప్పుడూ వద్దు, సంతల్లో అట్లా పట్టుకునేది చూసి అదే పద్ధతి అనుకుంటారు కొందరు.

గాలి తగలని గదిలోకి తీసుకెళ్లండి. ఫ్యాన్, కూలర్ బంద్ చేయండి, కిటికీ వేయండి, కుక్కనో పిల్లినో బయటికి పంపండి. నేల మీద గోనె సంచి పరిచి దాని మీద పొడి గుడ్డ వేసి కూర్చోబెట్టండి, నున్నటి టైల్స్ మీద పెడితే కాళ్లు జారి ఇంకా కంగారు పడుతుంది. జోడు కుందేలు ఉంటే దాన్నీ పక్కకే తెచ్చి పెట్టండి, అది ఎదురుగా కనిపిస్తే ఇది తొందరగా కుదుటపడుతుంది. కాకపోతే తడి వాసనకు రెండూ ఒకదాన్నొకటి కరుచుకునే అవకాశం ఉంది, ఆరేదాకా మధ్యలో జాలీ లాంటిది అడ్డం ఉంచండి.

తుడవడానికి ముందు ఒక నిమిషం చూడండి

ఇక్కడ తేల్చుకోవాల్సిన సంగతి, ఇది ఇంట్లో చూసుకోగలిగిన తడుపా, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిన పరిస్థితా అని. వణుకుతోంది, కళ్లు తెరిచి ఉంది, మీ చెయ్యి తగిలితే కదులుతోంది, అంటే ఒళ్లు ఇంకా చలితో పోరాడుతోంది. వణుకు లేకుండా మెత్తబడి వాలిపోయి, చెవులు మంచులా చల్లగా, పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగు పోయి తెల్లగానో నీలంగానో ఉంటే పరిస్థితి చాలా దూరం పోయింది. వణుకు ఆగింది కదా, కుదుటపడిందిలే అని ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. చల్లబడిన జంతువులో వణుకు ఆగిపోవడం చాలాసార్లు చెడ్డ గుర్తే.

ఊపిరి చూడండి. కుందేలు నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, ఎప్పుడూ ముక్కుతోనే తీస్తుంది, నోరు తెరిచి తీస్తోందంటే ఒక్క క్షణం ఆగకూడదు. థర్మామీటర్ వాడటం తెలిసినవాళ్లు డిజిటల్ థర్మామీటర్ కొనకు కొబ్బరి నూనె రాసి, మలద్వారంలో ఒక సెంటీమీటర్ కంటే కాస్త ఎక్కువ మాత్రమే పోనిచ్చి చూడొచ్చు. 101 నుంచి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా కుందేలుకు మామూలే, మనకైతే జ్వరం అనుకునే వేడి అది. 100 కంటే కిందికి దిగితే వెచ్చబెడుతూనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. అలవాటు లేనివాళ్లు మాత్రం ప్రయోగం చేయొద్దు, పెనుగులాటలో లోపల గాయం అవుతుంది. చెవి మొదలు, పొట్ట కింద, పాదాలు తడిమి చూసినా చాలావరకు అర్థమవుతుంది.

రాళ్ల వానలో తడిసి ఉంటే తల, వీపు, కాళ్లు మెల్లగా నొక్కి చూడండి. కుంటుతోందా, ఒక చోట ముట్టుకుంటే ఉలిక్కిపడుతోందా, పళ్లు గట్టిగా పటపట కొరుకుతోందా చూడాలి. ఒళ్లో నిమురుతుంటే వచ్చే మెత్తటి టిక్‌టిక్ చప్పుడు వేరు, నొప్పికి వచ్చే కొరుకుడు వేరు, ఒకసారి వింటే తేడా మర్చిపోరు.

ఆరబెట్టడం, తొందరపడకూడని పని

మూడు నాలుగు తువ్వాలలు గానీ పాత నూలు చీర ముక్కలు గానీ దగ్గర పెట్టుకోండి. నూలువే కావాలి, పాలిస్టర్ గుడ్డ నీళ్లు పీల్చదు. రుద్దొద్దు, అద్దండి. తువ్వాల వేసి అరచేత్తో అదిమి పట్టి పది లెక్కపెట్టి తీయండి, తడి ఎక్కిన తువ్వాల మార్చి మళ్లీ అదమండి. రుద్దితే అడుగు బొచ్చు ఉండలు కడుతుంది, పైగా కుందేలు చర్మం చాలా పలచన, చిక్కుపడిన చోట లాగితే బొచ్చుతో పాటు చర్మం చిరుగుతుంది. ఉండ కట్టినచోట కత్తెర పెట్టొద్దు, ఉండతో పాటు చర్మం కూడా పైకి లేచి కత్తెరలో పడుతుంది. వీపు అందరూ తుడుస్తారు. మరిచిపోయేవి పొట్ట కింద, తొడల లోపలి వైపు, తోక కింద, గడ్డం కింద వేలాడే మడత, చెవుల వెనక. నేల మీద నిలిచిన నీళ్లలో కూర్చుని తడిసిన కుందేలుకైతే వీపు కంటే పొట్టే ఎక్కువ తడిసి ఉంటుంది.

పొట్ట తుడవడానికి వెల్లకిలా పడుకోబెట్టొద్దు. అలా తిప్పితే కుందేలు కదలకుండా బిగుసుకుపోతుంది, హాయిగా ఉందని మనం అనుకుంటాం, నిజానికి అది వేటజంతువు నోట్లో పడినప్పుడు వచ్చే భయం. ముందు కాళ్లు మీ మోచేతి మీద ఆనేట్టు కాస్త పైకి లేపి, ఇంకొకరు కింద నుంచి తుడిస్తే సరిపోతుంది. ఇద్దరుంటే ఈ పని సగం తేలిక.

తువ్వాలతో ఇక నీళ్లు రావడం లేదు అనుకున్నాక హెయిర్ డ్రయ్యర్. అన్నింటికంటే తక్కువ వేడి, తక్కువ గాలి మీద పెట్టండి, కనీసం ఒక అడుగు దూరం ఉంచండి, ఒకే చోట ఆపకుండా ఊపుతూ ఉండండి. మీ రెండో చెయ్యి ఎప్పుడూ ఆ గాలి తగిలే చోటే బొచ్చులో ఉండాలి, మీ వేళ్లకు వెచ్చగా అనిపించాలి తప్ప చురుక్కుమనకూడదు. ముఖం మీదికి, చెవుల్లోకి గాలి కొట్టొద్దు. చప్పుడుకు బెదిరే కుందేలైతే ముందు డ్రయ్యర్‌ను గదిలో దూరంగా ఆన్ చేసి రెండు నిమిషాలు అలవాటు కానివ్వండి, అప్పటికీ గింజుకుంటుంటే వదిలేసి తువ్వాలతోనే కానివ్వండి, భయంతో గుండె ఆగిపోయిన కుందేళ్లు కూడా ఉంటాయి. కుందేలుకు చెమట పట్టదు, ఎక్కువైన వేడిని చెవుల ద్వారానే బయటికి పంపుతుంది, కాబట్టి చెవులు ఎర్రగా వేడెక్కి, ఊపిరి వేగం పెరిగి, ముక్కు చుట్టూ తడి కనిపిస్తే డ్రయ్యర్ వెంటనే ఆపాలి. చలి నుంచి తప్పించబోయి వడదెబ్బ తగిలించిన వాళ్లమవుతాం.

ఇక ఆరిందా లేదా తేల్చే పద్ధతి. మెడ వెనక బొచ్చు మీద నోటితో మెల్లగా ఊదండి. ఆరిన బొచ్చు గుండ్రంగా విచ్చుకుంటుంది, మధ్యలో లేత గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది, వెంట్రుకలు విడివిడిగా కదులుతాయి. తడి ఉన్న చోట వెంట్రుకలు మొనలు మొనలుగా అతుక్కుని ఉంటాయి, ఊదినా విడిపోవు, లోపల బూడిద రంగు నీడలా కనిపిస్తుంది. అక్కడ వేలి వెనక వైపు, అంటే గోరు ఉన్న వైపు ఆనించి చూడండి, తడి తెలియకపోయినా చల్లదనం తెలుస్తుంది. మెడ వెనక, నడుము మధ్య, తోక మొదలు, రెండు చంకలు, పొట్ట, ఇన్ని చోట్లా ఇలాగే చూడాలి. పొట్టి బొచ్చు కుందేలుకైనా డ్రయ్యర్‌తో గంట సులభంగా పడుతుంది, అంగోరా లాంటి పొడుగు బొచ్చు వాటికి అంతకు రెట్టింపు. మధ్యలో విసుగొస్తే పది నిమిషాలు ఆగి, కాస్త గరిక పెట్టి, మళ్లీ మొదలుపెట్టండి, దానికీ విరామం కావాలి.

కరెంటు లేకపోతే

గాలివాన అంటే కరెంటు పోవడమే కదా. అప్పుడు తువ్వాలలే దిక్కు, కాకపోతే వాటిని వెచ్చగా చేసుకుని వాడొచ్చు. గ్యాస్ పొయ్యి మీద ఒక సర్వలో నీళ్లు కాగబెట్టి మూత పెట్టి దించి, మూత మీద తువ్వాల మడిచి పెడితే రెండు నిమిషాల్లో వెచ్చబడుతుంది, ఒకటి వాడుతుండగా ఇంకోటి సిద్ధమవుతుంది. కాపడం కూడా పనికొస్తుంది. మందపాటి సాక్సులో పిడికెడు బియ్యం పోసి, ముడేసి, పెనం మీద మెల్లగా వేడిచేసి, దాన్ని ఇంకో గుడ్డలో చుట్టి పక్కన ఆనించండి. లేదా గోరువెచ్చటి నీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాను తువ్వాలలో చుట్టి పెట్టండి. వేడి సరిపోయిందో లేదో మోచేతి లోపలి వైపు ఆనించుకుని చూడండి, పసిపిల్ల స్నానం నీళ్లకు చూసినట్టు. ఒక పక్కనే పెట్టండి, చుట్టూ పెట్టొద్దు, ఎక్కువైతే జరిగి కూర్చోవడానికి దానికి చోటుండాలి. సాక్సు కొరుకుతోందేమో చూస్తూ ఉండాలి.

అన్నింటికంటే మంచి వేడి మనిషి ఒళ్లే. పొడి తువ్వాలలో చుట్టి, తల బయటికి ఉంచి, పొట్టకు ఆనించుకుని కూర్చుంటే మెల్లగా, సమంగా వెచ్చబడుతుంది. ఒళ్లు పూర్తిగా చల్లబడిన కుందేలును దబ్బున వేడి చేయడం కంటే ఈ పద్ధతి ఎంతో నయం.

పెద్దవాళ్లు చెప్పినా చేయకూడనివి

సాంబ్రాణి పొగ వద్దు. తలంటు పోసుకున్నాక మనం జుట్టు ఆరబెట్టుకున్నట్టు కుందేలుకూ పట్టమని చెప్పేవాళ్లు ఉంటారు, దాని ఊపిరితిత్తులు చిన్నవి, పొగకు తట్టుకోలేవు. కట్టెల పొయ్యి పక్కన కూర్చోబెట్టడమూ అంతే. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కుందేలుకే కాదు, మీ ప్రాణానికీ ముప్పు, ఆ విషవాయువుకు వాసన కూడా ఉండదు.

విక్స్, అమృతాంజనం, కర్పూరం నూనె, నీలగిరి తైలం ఏవీ రాయొద్దు. అది ఒళ్లు నాక్కుంటుంది, రాసిందంతా కడుపులోకి పోతుంది. పౌడర్ చల్లొద్దు. జలుబు చేస్తుందేమోనని మన మాత్ర ముక్క చేసి ఇవ్వడం, పిల్లలకు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పోయడం చాలా ప్రమాదం. అమాక్సిసిలిన్ లాంటి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, ఆ మందుతోనే చనిపోతుంది. ఇది మెడికల్ షాపులో అడిగితే చెప్పరు, పశువుల డాక్టర్‌కే తెలుస్తుంది.

వాన వెలిశాక ఎండ వచ్చిందని ఎర్రటి ఎండలో కట్టేసి ఆరబెట్టొద్దు. పిల్ల కోళ్లకు పెట్టినట్టు బల్బు వేలాడదీస్తే వైరు దానికి అందకూడదు, వైరు కొరకని కుందేలు లేదు.

ఎండాకాలంలో చల్లబరచాలని బకెట్ నీళ్లలో ముంచే అలవాటు కొన్ని ఇళ్లల్లో ఉంది. ఆ భయానికే షాక్‌లోకి వెళ్లి ప్రాణం పోవచ్చు. వేడి ఎక్కువైతే చల్లటి నీళ్లతో చెవులు తడపండి చాలు.

తొట్టిలో పడితే, మోరీ నీళ్లయితే, మందు కొట్టిన చేనైతే

వానలో తడవడం వేరు, నీళ్ల తొట్టిలోనో సంపులోనో పడడం వేరు. కుందేలు కాసేపు ఈదగలదు, కానీ నున్నటి గోడ ఎక్కలేదు, తొందరగా అలసిపోయి నీళ్లు మింగుతుంది, పీలుస్తుంది. తీయగానే కాళ్లు పట్టుకుని తలకిందులుగా గిరగిరా తిప్పే పని చేయొద్దు. తల కాస్త కిందికి వంచి పట్టి ముక్కు, నోరు గుడ్డతో తుడవండి, అద్దుతూ ఆరబెట్టండి. ఊపిరిలో గురగుర, బుడగల్లాంటి చప్పుడు ఉంటే అదే రోజు డాక్టర్ చూడాలి. పైకి బాగానే ఉన్నా ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల వల్ల ఒకటి రెండు రోజుల తర్వాత న్యుమోనియా బయటపడుతుంది.

బురద, మోరీ నీళ్లు అంటితే అంటిన చోట మాత్రమే గోరువెచ్చటి నీళ్లతో కడగండి, ఒళ్లంతా స్నానం చేయించొద్దు. వెనక భాగం మాత్రమే మురికి అయితే వెడల్పాటి గిన్నెలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి అంతవరకే ముంచి కడిగి ఆరబెట్టొచ్చు. ఎండిన బురద మాత్రం తడపకుండా వేళ్లతో చిదిమి దులపడమే మేలు.

చేను పక్క ఇళ్లవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పత్తికి మందులు కొట్టే కాలంలో, మిర్యాలగూడ దిక్కు వరి మళ్లలో యూరియా చల్లిన రోజుల్లో, ఆ గెట్ల మీద పారిన నీళ్లలో కుందేలు తడిసిందని అనుమానం ఉంటే ఆరబెట్టడం కంటే ముందు కడగాలి, నాక్కోకముందే. తువ్వాలలో చుట్టి నాక్కోనివ్వకుండా ఆపండి, గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు కడగండి, ఏ మందో డబ్బా మీద పేరు చూసి డాక్టర్‌కు చెప్పండి. సొంగ కారడం, ఒళ్లు అదరడం, మూర్ఛ కనిపిస్తే దారిలోనే ప్రాణం పోవచ్చు, ఎదురుచూడొద్దు.

మేత పట్టిందా, పెంటికలు వేసిందా

వెచ్చబడిన కుందేలు గంట రెండు గంటల్లో ఏదో ఒకటి కొరకాలి. దానికి బాగా ఇష్టమైనది ముందు పెట్టండి, కొత్తిమీర, పుదీనా, మెంతికూర, లేత గరిక, అయితే నీళ్లు కారుతున్న ఆకు కాకుండా గుడ్డతో తుడిచినది. అసలు తిండి మాత్రం ఎండుగడ్డి, పేగులు కదలాలంటే పీచే కావాలి. మంచి ఎండుగడ్డి దొరకని ఊళ్లల్లో శుభ్రంగా ఎండిన గరిక, నేపియర్ గడ్డి, దశరథ గడ్డి బాగా పనికొస్తాయి. వరిగడ్డిలో పోషకం తక్కువ, ఆ పూటకు పీచు కోసం వాడొచ్చు. వేరుశనగ కట్టె మన పాలమూరు దిక్కు కావలసినంత దొరుకుతుంది, వానకు తడిసి బూజు పట్టినది మాత్రం ఒక్క కొమ్మ కూడా పెట్టొద్దు, ఆ బూజు విషం. నీరసంగా ఉందని పాలు, బ్రెడ్, బిస్కెట్, అన్నం పెడితే కడుపు ఉబ్బుతుంది.

తాగడానికి గోరువెచ్చటి నీళ్లు గిన్నెలో పెట్టండి. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు, మింగే ఓపిక లేనప్పుడు సిరంజితో నీళ్లు గానీ మేత గానీ పోయొద్దు, ముందు వెచ్చబడాలి, ఆ తర్వాతే తిండి. చల్లబడిన కడుపులో వేసింది అరగదు, ఊపిరి గొట్టంలోకి పోయినా దగ్గి కక్కే శక్తి దానికి ఉండదు. కుందేలు వాంతి కూడా చేసుకోలేదు.

బోను అడుగు శుభ్రంగా ఊడ్చి, తెల్ల గుడ్డ పరిచి పెట్టండి, పెంటికలు సులభంగా కనిపిస్తాయి. మామూలు పెంటిక శనగ గింజంత, గుండ్రంగా, గోధుమ రంగులో ఉండి, వేళ్ల మధ్య నలిపితే గడ్డి పొట్టులా పొడి అవుతుంది. చిన్నవిగా, నల్లగా, గట్టిగా, వెంట్రుకతో ఒకదానికొకటి దండలా వస్తున్నాయంటే పేగులు నెమ్మదించాయి, తడిసిన ఒళ్లు నాక్కుని బొచ్చు మింగినప్పుడు ఇది ఎక్కువ. మెత్తగా, మెరుస్తూ, గుత్తిగా అంటుకుని వచ్చేవి వేరే, వాటిని కుందేలు తనే మళ్లీ తింటుంది, చూసి విరేచనాలు అనుకుని టెన్షన్ పడొద్దు. 10 నుంచి 12 గంటలు మేత ముట్టకపోయినా, ఒక్క పెంటిక వేయకపోయినా తెల్లారేదాకా చూద్దాం అనే మాట వద్దు. మూలకు ముడుచుకుని కూర్చోవడం, పొట్ట డోలులా బిగిసి ఉండడం, ఇష్టమైన ఆకు ముక్కు దగ్గర పెట్టినా తల తిప్పుకోవడం, వీటిల్లో ఏది కనిపించినా అంతే.

ఆ తర్వాత వారం రోజులు

వానాకాలంలో ఈగల్ని మరిచిపోవద్దు. తోక కింద తడి, మూత్రం, పెంటిక అంటిన బొచ్చు ఉంటే ఈగ వచ్చి గుడ్లు పెడుతుంది, ఒక్క రోజు లోపే అవి పురుగులై చర్మాన్ని తొలిచేస్తాయి. పొద్దునా సాయంత్రం తోక ఎత్తి చూడండి, తెల్లటి సన్నటి గింజల్లాంటివి కనిపిస్తే అవే గుడ్లు. పురుగులు కనిపించాక ఇంటి వైద్యం లేదు. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ స్ప్రే ఇంట్లో ఉంది కదా అని కొట్టొద్దు, కుందేలుకు అది విషం.

ముక్కు నుంచి తెల్లటి చీమిడి, తుమ్ములు, ముందు కాళ్ల లోపలి వైపు బొచ్చు అట్టకట్టడం కనిపిస్తే జలుబే అని వదలొద్దు, ఆ కాళ్లతోనే ముక్కు తుడుచుకుంటుంది కాబట్టి ముందు అక్కడ తెలుస్తుంది. చెవుల్లోకి నీళ్లు పోయుంటే పైభాగం మాత్రమే పొడి దూదితో తుడవండి, ఇయర్ బడ్ లోపలికి దూర్చొద్దు. తల ఒక పక్కకు వాలిందంటే చెవి లోపల చీము పట్టి ఉండొచ్చు. పాదాల కింద బొచ్చు ఊడి ఎర్రబడిందేమో చూడండి, తడి నేల, ఇనుప జాలీ రెండూ కలిస్తే పుండ్లు పడతాయి, గోనె సంచి ముక్కలు వేసి రోజూ మార్చాలి. గుండ్రంగా బొచ్చు ఊడి పొలుసులు లేస్తే తామర కావచ్చు, ఎత్తుకున్న పిల్లలకూ అంటుతుంది. మూడు నెలల లోపు పిల్లల్లో తడి బోను వల్ల కాక్సిడియా అనే పేగుల పరాన్నజీవి సోకి విరేచనాలు పట్టుకుంటాయి, చిన్నవి ఒక్క రోజులో నీరసించి పోతాయి.

పిల్లలున్న గూడు తడిస్తే

పుట్టి పది రోజులు కాని కుందేలు పిల్లలకు కళ్లు తెరుచుకోవు, ఒంటి మీద బొచ్చు సరిగా ఉండదు, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం వాటికి చేతకాదు. తడిసిన గూడులోదంతా తీసేసి, పొడి మెత్తటి గడ్డి, తల్లి పీక్కున్న బొచ్చులో పొడిగా మిగిలినది వేసి, పిల్లల్ని ఒక్కొక్కటిగా అద్ది, చేతిలో వెచ్చబెట్టి, అన్నింటినీ ఒక కుప్పగా పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదు అనేది నిజం కాదు, పెంపుడు కుందేలుకు మీ వాసన కొత్తేం కాదు. తల్లి రోజుకు ఒకటి రెండు సార్లే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది, ఎప్పుడూ పిల్లల దగ్గర కూర్చోలేదని భయపడొద్దు. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే తాగినట్టే.

చేనులో తడిసి కనిపించిన చెవులపిల్లి, అంటే అడవి కుందేలు పిల్లల్ని మాత్రం ఇంటికి తేవొద్దు. తల్లి వాటిని అట్లా విడివిడిగా వదిలే వెళ్తుంది, చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది. నీళ్లు నిలిచిన చోట ఉంటే పక్కనే మెరక మీద పెట్టి వచ్చేయండి. వాటిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

డాక్టర్ దగ్గరికి

ముందే కనుక్కుని పెట్టుకోవాల్సిన పని ఇది, వాన రాత్రి వెతుక్కునేది కాదు. మీ ఊరి పశువైద్యశాలలో కుందేలు చూస్తారా, రాత్రి ఫోన్ ఎత్తుతారా అని మామూలు రోజే అడిగి రాసుకోండి. 1962 టోల్‌ఫ్రీ నంబర్ మీద సంచార పశువైద్య సేవ ఉంది, అది ముఖ్యంగా బర్రెలు, గొర్రెలు, మేకల కోసం, అయినా దగ్గర్లో ఎవరున్నారో కనుక్కోవచ్చు. పెద్ద సమస్య అయితే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, మహబూబ్‌నగర్ నుంచి షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా వెళ్తే దారిలోనే పడుతుంది, నల్లగొండ వాళ్లు చిట్యాల దగ్గర విజయవాడ హైవే ఎక్కి ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకోవచ్చు. మహబూబ్‌నగర్ నుంచైనా నల్లగొండ నుంచైనా రెండు గంటల ప్రయాణం అనుకోండి, అందుకే వెచ్చబెట్టడం ఇంట్లోనే మొదలుపెట్టి దారిలోనూ ఆపకూడదు. గాలి రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో గోనె ముక్క, తువ్వాల చుట్టిన వెచ్చటి నీళ్ల సీసా, గుప్పెడు గడ్డి పెట్టి తీసుకెళ్లండి, బండి మీద ఎదురుగాలికి మాత్రం వద్దు. ఎప్పుడు తడిసింది, చివరిసారి ఎప్పుడు తింది, ఎప్పుడు పెంటికలు వేసింది, ఈ మూడు సమయాలు రాసుకెళ్తే డాక్టర్ పని సగం అయిపోతుంది.

బోను సరిచేయడం

తడిసిన బోనులోకి ఆరిన కుందేలును తిరిగి వదలొద్దు. తడి గడ్డి, తడిసిన దాణా అంతా పారేయండి, ఎండబెట్టి మళ్లీ వాడదాం అనుకోవద్దు, ఒకటి రెండు రోజుల్లోనే బూజు వస్తుంది. చెక్క బోనైతే పూర్తిగా ఆరేదాకా కుందేలు ఇంట్లోనే ఉండాలి.

బోను నేల నుంచి రెండడుగులన్నా ఎత్తులో ఉంటే పారే నీళ్లు, పాములు, వీధి కుక్కలు అందవు. వానాకాలం గాలి మనకు ఎక్కువగా పడమర, నైరుతి నుంచి కొడుతుంది, ఆ రెండు వైపులా మూసి, తెరిచే వైపు తూర్పుకు పెట్టండి. పైన రేకు ఉంటే బోను అంచు దాటి కనీసం అడుగున్నర ముందుకు రావాలి, లేకపోతే జల్లు లోపలికే కొడుతుంది. ఎండాకాలం ఆ రేకే నిప్పులా కాలుతుంది కాబట్టి దాని మీద కొబ్బరి మట్టలో తాటి కమ్మలో వేసి తాడుతో కట్టాలి, గాలిదుమారానికి లేచిపోకుండా. టార్పాలిన్ కట్టేవాళ్లు నాలుగు వైపులా బిగించేయొద్దు, పైభాగంలో జానెడు సందు గాలికి వదలండి, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు లోపలే నిలిస్తే వాన తగలకపోయినా ముక్కు, ఊపిరితిత్తులు పాడవుతాయి. ఆవరణలో తిరగనిచ్చే కుందేలుకు అది పరుగెత్తి దూరగలిగే పొడి చోటు ఒకటి ఉండాలి, ఒక పక్క తెరిచిన చెక్క పెట్టెను రెండు ఇటుకల మీద ఎత్తి బోర్లించి, లోపల గోనె పరిచి, మెరక ఉన్న మూలకు పెట్టండి. నీళ్ల తొట్టి మీద జాలీ మూత వేయండి, సంపు మూత పగిలి ఉంటే ఈ వారమే మార్చండి.